ప్రయాణం లోపల, మనుషులు బయట

ఆ రోజుల్లో కొత్తగా కాపరానికొచ్చిన కోడలు పగటిపూట మొగుడితో మాట్లాడ్డమంటే ఇంటి పరువు వీధిలో పెట్టడమే. ఆయనకి దాహమేస్తే "అమ్మా, మంచినీళ్ళు" అని గోడకేసి చెప్పేవారు. అత్తగారు నాకేసి చూసేవారు. నేను చెంబు తెచ్చి స్తంభం పక్కన పెట్టి, స్తంభానికే ఇచ్చినట్టు వెనక్కి తిరిగేదాన్ని. ఇప్పటి పిల్లలకి ఇది చెబితే "మరి ఎలా బతికారు మామ్మా?" అని జాలిపడతారు. బాగానే బతికాం. కాకపోతే పెళ్ళయి, కాపరానికొచ్చి ఎనిమిది నెలలైనా ఆయన ముఖం ఎండ వెలుతురులో నిండా చూసిన పాపాన పోలేదు. రాత్రిళ్ళు ఇంటిల్లిపాదీ ఒకే సావిట్లో పడుకునేవాళ్ళం, గుసగుసలాడినా అందరికీ వినబడేది. ఆయన పొద్దున్నే కొట్టుకి వెళ్ళిపోయేవారు. తిరిగొచ్చేసరికి ఇల్లంతా ఆముదం దీపాలు. (యుద్ధం రోజులు కదా, కిరసనాయిలు దొరికేది కాదు. ఆ వెలుతురులో మా మామగారి మీసాలు, ఆయన మీసాలు ఒక్కలాగే ఉండేవి. ఒకసారి పొరపాటున మామగారికే తమలపాకులు చుట్టి ఇచ్చాను. ఆ కథ ఇంకెప్పుడూ చెప్పను.)

నరసన్నపేటలో మాది వెచ్చాల కొట్టు. ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది, అమావాస్యనాడు మాత్రం మూత. ఒకరోజు పెరట్లో నేను గొడుగు అందిస్తుంటే ఆయన చుట్టూ చూసి, గొడుగుతో మాట్లాడుతున్నట్టు, "వచ్చే అమాసకి పాతకోట సూపిస్తాను. వస్తావా?" అన్నారు. పాతకోట మా ఊరికి మూడు కోసులు. ఏ రాజు కట్టాడంటే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పేవారు. ఎవరు కడితే నాకెందుకు! కోట చుట్టూ గోడలుంటాయి, గోడ వెనక మా అత్తగారు ఉండరు. అంతకంటే గొప్ప కట్టడం ఈ భూమ్మీద ఉంటుందా? తల ఊపాను. ఆ పూట పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

అయితే మొగుడూ పెళ్ళాం ఇద్దరే కోటకెళ్తామంటే ఒప్పుకునే ఇల్లు కాదు కదా మాది. అందుకని ఆయన తెలివిగా భోజనాల దగ్గర, "నాన్నా, మామ్మకి పాతకోట సూపించాలనుంది. పెద్దది, సెయ్యి పట్టుకోడానికి ఎవరైనా కావాల" అన్నారు. మామ్మ అంటే మా మామగారి తల్లి. డెబ్బై దాటిన మనిషి, తలంతా తెలుపు, నోట్లో మూడు పళ్ళు, బుర్రలో పంచాంగం మొత్తం. నలభై ఏళ్ళ కిందట ఎవరి పెళ్ళి ఏ తిథినాడు జరిగిందో తడుముకోకుండా చెప్పేది. ఆవిడ వెంటనే, "నా మనవడు బంగారం! నాను వస్తాను" అంది. అంతవరకూ బాగుంది. తర్వాత అత్తగారు, "అత్త వస్తే నాను ఇంట్లో ఉండి ఏటి సెయ్యాల?" అన్నారు. అత్తగారు వస్తే తోటికోడలు రాకపోతే బాగుండదు. తోటికోడలొస్తే ఆవిడ అయిదుగురు పిల్లలు. రెండు రోజుల్లో మేము పధ్నాలుగు మందిమయ్యాం, రెండు బళ్ళయ్యాయి. (బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. అప్పటి బస్సులు బొగ్గు పొయ్యితో నడిచేవి. నడిచేదానికంటే జనం చేత నెట్టించుకునేది ఎక్కువ.) అత్తగారు పులిహోర, దద్దోజనం, గారెలు, జంతికలు అని లెక్క చెప్పి, అక్కడ వేడన్నంలోకి రోటిపచ్చడి ఉండాలని, చిన్న రోలు కూడా బండిలో పెట్టించే ఏర్పాటు చేశారు. పాపం ఆ రాజులు దండయాత్రకి కూడా రోలు పట్టుకెళ్ళి ఉండరు.

అన్నీ కుదిరాక మామ్మ బాంబు వేసింది. "అమాసనాడు ఇంట్లోంచి బండెక్కుతారేటి? బుద్దున్నాదేటి మీకు?" అంది. అమావాస్య తప్ప కొట్టుకి సెలవు లేదు, అమావాస్యనాడు ప్రయాణం లేదు. ఈ ముడి విప్పే దారి కూడా మామ్మ దగ్గరే ఉంది. ప్రస్థానం పెడదామంది. తెలియనివాళ్ళకి చెబుతాను. మంచి ముహూర్తానికి మనం కదలలేకపోతే మన బట్ట ఒకటి ముందుగా కదిలించి, వెళ్ళే దిక్కున ఇంకొకరింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. తర్వాత ఏ పాడురోజున బయల్దేరినా దోషం లేదు, ఆ మూట తీసుకుని ముందుకి సాగడమే. కానీ మూట తీసుకోకుండా వెళ్ళకూడదు, ఎత్తిన కాలు వెనక్కీ పెట్టకూడదు.

త్రయోదశినాడు పధ్నాలుగు మందివీ తలా ఒక బట్ట దుప్పట్లో కట్టారు. మూట చాకలి మూటంత అయింది. "కొత్త కోడలు లచ్చిమి. దాని సేతే ఎట్టించండి" అని మామ్మ నా నెత్తినెత్తింది. వీధి చివర పడమటి వైపు చుట్టతాత ఇల్లు. ఒంటరి మనిషి. నోట్లో చుట్ట ఎప్పుడూ ఉండేది, అందుకే ఆ పేరు. తాత మూట లోపల పెట్టించుకుని, ఏదో చెప్పాడు. పెద్దవాళ్ళ ముందు తలెత్తకూడదు కాబట్టి తల వంచుకుని, చెప్పినదానికల్లా ఊపుతున్నాను. నిజం చెప్పాలంటే ఒక్క ముక్క వినలేదు. కోట గోడ పక్కన మా ఆయనతో మొదటి మాట ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తున్నాను. "మీకు జలుబు తగ్గిందా" అనేది అప్పటికి ఖాయమైంది.

అమావాస్య పొద్దున్న రెండు బళ్ళూ, పధ్నాలుగు మందీ, రోలూ వీధి చివరికి చేరాం. చుట్టతాత తలుపుకి తాళం. అప్పుడు వినబడింది నాకు, రెండు రోజుల కిందట తాత అన్న మాట. "అమాసనాడు నానుండను తల్లీ. తెల్లారకుండా వంశధారకెల్పోతాను, తర్పనాలకి." నేను తలూపాను కూడానూ! ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా బండి చాటుకి జరిగాను.

మామగారు బండి దిగి, "తాళం బద్దలుగొట్టీమంటావేటమ్మా?" అన్నారు.

"ఊరోడి తాళం బద్దలుగొట్టి పయానం సేస్తావేట్రా? దొంగతనానికి ఎల్తన్నామా?" అంది మామ్మ.

"అయితే ఇంటికి పోదాం."

"ఎనక్కి తిరిగితే కీడు."

"మూట లేకుండా ముందుకి పోదాం."

"పయానం లోపలున్నాది, మనం బయటున్నాం. ఏది పోతాదిరా ముందుకి?"

ఎండెక్కింది. పిల్లలు గారెలు కావాలని ఏడుపు. ఎద్దులు తోక ఝాడిస్తున్నాయి. అత్తగారు పెరుగన్నం పులిసిపోతోందని గొణుగుడు. నా చేతులారా నేనే చెడగొట్టుకున్నాను, మళ్ళీ ఇలాంటి అమావాస్య ఎప్పుడొస్తుంది? అప్పుడు మామ్మ కాసేపు కళ్ళు మూసుకుని, శాస్త్రాన్ని పిండి ముద్దలా అటూ ఇటూ నొక్కి, తీర్పు చెప్పింది. "మూట ఎట్టిన సెయ్యి ఇక్కడుంటే సాలు, పయానం మనతోనున్నట్టే. కోడలు ఇక్కడ కూసుంటాది. ఆడు రాగానే మూట పట్టుకుని ఎనకాల వస్తాది. ఒక్కర్తినీ వదిలీలేం, మనవడా, నువ్వు తోడుండు." మామగారు ఏదో అనబోయారు. "బండి తోలండి, బేగి!" అంది మామ్మ. బండి కదిలేముందు నా ఒళ్ళోకి ఒక విస్తరాకు పొట్లం పడేసింది.

బళ్ళు మలుపు తిరిగాయి. మేమిద్దరం మిగిలాం. చుట్టతాత అరుగుకి ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో తాళం. ఎనిమిది నెలలుగా దేవుణ్ణి అడిగిన ఏకాంతం దొరికింది, కాకపోతే నడివీధిలో. పోయేవాళ్ళు పోతూ, "ఏటి నాయనా, తాళమేసిన ఇంటికి కాపలా కాస్తన్నారేటి?" అని అడిగి, జవాబు కోసం నిలబడి మరీ వెళ్ళేవారు. ఒక గంట ఇలాగే గడిచింది. నేను దాచుకున్న జలుబు ప్రశ్న తీసి చూస్తే, ఆయనకి అసలు జలుబే లేదని గుర్తొచ్చింది.

చివరికి ఆయనే, "నీకు వంకాయంటే అంత ఇష్టమేటి?" అన్నారు.

"నాకా? నాకు పడదు. మీకిష్టమని కదా మీ విస్తట్లో రెండుసార్లు వేస్తున్నాను!"

"నాకూ పడదు. నువ్వు ముచ్చటపడి ఎడతన్నావని తింటన్నాను."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పుడు చూశాను ఆయన్ని, నిండా. ఎడం కనుబొమ్మలో చిన్న గాటుంది. నవ్వితే ఒక బుగ్గే సొట్టపడుతుంది. నాకు చాలా సంతోషమేసింది. ఆ తర్వాత మాటలకి ఆనకట్ట లేదు. చదువు మాన్పించి కొట్టులో కూర్చోబెట్టినప్పుడు ఏడ్చానని చెప్పారు. నేను మా పుట్టింటి ఆవు గురించి చెప్పి నిజంగానే ఏడ్చాను. "కోట ఎలా ఉంటుంది?" అని అడిగితే బొగ్గుముక్క ఏరుకొచ్చి అరుగు మీద గీశారు. ఇదిగో బురుజు, ఇది కూలిన గోడ, ఇది ఏనుగు పట్టే గుమ్మం. ఆకలేసి పొట్లం విప్పితే పులిహోర, గారెలు. ఒక్కరికైతే చాలా ఎక్కువ. ఇద్దరికి సరిగ్గా సరిపోయింది.

మిట్టమధ్యాహ్నం దాటాక చుట్టతాత వచ్చాడు. మమ్మల్ని చూశాడు, అరుగు మీది కోటని చూశాడు. "ఇదేటి తల్లీ, బయట కూసున్నారు? తాళం సెవి సూరులో ఎట్టినాను కదా!" అని, మా ఇద్దరి తలల మీదుగా చెయ్యి చాపి చూరు తాటాకుల్లోంచి తాళం చెవి తీశాడు. "నువ్వు తలూపడమే గాని ఇంటన్నట్టు అవుపడనేదు. అందుకే నిన్న సాయంత్రం మీ మామ్మకి మల్లీ సెప్పొచ్చినాను."

ఆయన నాకేసి, నేను ఆయనకేసి చూసుకుని పగలబడి నవ్వాం. కోడలు వీధిలో నవ్వకూడదన్న సంగతి ఆ తర్వాతే గుర్తొచ్చింది.

మూట ఆయన భుజానికెత్తుకున్నారు, ఇద్దరం నడిచాం. సగం దారిలోనే మా బళ్ళు తిరిగొస్తూ ఎదురయ్యాయి. "కోటలో ఏటీ నేదు. రాళ్ళున్నాయి, మేకలున్నాయి" అంది మామ్మ. "తాళం సెవి సంగతి నీకు తెలుసంట కదా మామ్మా?" అని ఆయన అడిగితే, "ముసల్దాన్ని నాయనా, మర్సిపోనాను" అంది. నలభై ఏళ్ళ కిందటి తిథులు మరిచిపోని మనిషి! పోయేవరకూ అదే మాట మీద నిలబడింది.

ఇప్పుడు నాకు మామ్మ వయసు దాటి చాలా ఏళ్ళయింది. ఆయన పోయి పదేళ్ళు. మొన్న మా మనవడూ, కొత్తగా వచ్చిన వాడి పెళ్ళామూ కారు తీసి, "పాతకోటకి పోదాం, నువ్వూ రా మామ్మా" అన్నారు. వీళ్ళకి ఏకాంతానికి కరువేం లేదు, గదికి గది ఉంది, తలుపుకి గడియ ఉంది. ఎవరూ ఏదీ దాచిపెట్టక్కర్లేదు. అయినా చీర మార్చుకుని గుమ్మం దాకా వచ్చి, మోకాళ్ళు లాగేస్తున్నాయని కుర్చీలో కూలబడ్డాను. "మీరిద్దరూ వెళ్ళి రండి, తొందరేం లేదు" అన్నాను. కారు మలుపు తిరిగాక లేచి, చకచకా వంటింట్లోకి నడిచి కాఫీ కలుపుకున్నాను. ఆయనే ఉంటే, "నీకూ మామ్మ బుద్దులొచ్చీసినాయే" అనేవారు. అనే మనిషి లేరు కదా, నేనే పైకి అనుకుని, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.