పసుపే కదా అనుకున్నాం

ఆ మధ్యాహ్నం మా ఆయన ముద్ద కలిపారు గానీ నోటిదాకా ఎత్తలేకపోయారు. కుడి మణికట్టు వాలిపోయింది. కడుపునొప్పి అప్పటికే నెలల నుంచి ఉంది. డాక్టరు దగ్గరికి పోదామంటే "గ్యాస్ గంతే, ఫికర్ జెయ్యకు" అని నా నోరు మూయించేవారు. ఆ రోజు మాత్రం ఆయన కళ్లలో భయం చూశాను.

ఎనభైల చివరినాటి మాట. ఆర్మూరులో మాది పసుపు అడ్తి దుకాణం, రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టేది. కొమ్ములను డ్రమ్ములో పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం ఒక రంగుపొడి వేసేవారు. మా ఆయనే దాన్ని చేత్తో నీళ్లలో కలిపేవారు. అన్నానికి కూర్చునే ముందు చేతులు కడుక్కోమంటే "పసుపే గదనే, మంచిదే" అని నవ్వేవారు. నేనూ నవ్వి వడ్డించేదాన్ని.

ఒక డాక్టరు అల్సర్ అన్నారు, ఇంకొకరు అపెండిక్స్ అన్నారు. నిజామాబాద్‌లో ఒక డాక్టరమ్మ ఆయన చిగుళ్ల మీద నీలిగీత చూసి, "మీరేం పని చేస్తరు?" అని అడిగింది. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. ఆయన రంగుపొడి సంగతి చెప్పారు. హైదరాబాద్ పంపిన బ్లడ్ టెస్ట్‌లో లెడ్ బాగా ఎక్కువని వచ్చింది. ఆ పొడి లెడ్ క్రోమేట్ అట, పెయింట్లలో వేసే సీసం రంగు.

"చెయ్యి మళ్ల లేస్తదా అమ్మా?" అని ఏడ్చాను.

"సీసం లోపటికి పోవుడు బందైతే లేస్తది. జర ఓపిక పట్టు."

ఒంట్లోని సీసాన్ని బయటికి లాగే EDTA ఇంజెక్షన్లతో నొప్పి తగ్గింది. ఆయన డ్రమ్ము వైపే వెళ్లలేదు. అయినా కొద్ది వారాలకే నొప్పి తిరగబెట్టింది. డాక్టరమ్మ విసుక్కోలేదు. ఇంట్లో ఏమేం తింటున్నారో మొదటినుంచి చెప్పమంది. వెంట వచ్చిన మా అత్తమ్మ గొప్పగా, "రోజు పసుపుపాలు ఇస్తున్న బిడ్డా, మా దుకాణం కొమ్ములే దంచి" అంది.

డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకుంది. "మీ పసుపుది తప్పు గాదమ్మా, దానికి పూసిన రంగుది. గా పసుపు ఇగ ఎవ్వరు తినొద్దు." అత్తమ్మ కుమిలిపోతుంటే పక్కనే కూర్చుని ఊరడించింది. మా అందరికీ టెస్టులు చేయించింది. అంత చదువు, అంత ఓర్పు ఒకే మనిషిలో ఉండడం నేను మళ్లీ చూడలేదు.

మా ఆయన రంగు మానేశారు. కొనేవాళ్లు మా కొమ్ములు మబ్బుగా ఉన్నాయని వెక్కిరించినా తగ్గలేదు. ఆ మొండితనం మొదటిసారి నాకు ముద్దొచ్చింది.

ఇప్పుడు ఆయన చెయ్యి లేస్తుంది. నిండు గ్లాసు పట్టుకుంటే మాత్రం కాస్త వణుకుతుంది. నేను చెప్పేది ఒక్కటే: జబ్బు ఏదైనా, డాక్టరు అడగకపోయినా, మీరు చేసే పనేమిటో చెప్పండి. ఇంట్లో ప్రేమతో తాగించేది కూడా చెప్పండి.