నాయన ఓటు తూకం

ధర్మవరంలో మా వీధి నేతగాళ్లందరం ఫోనులో ఒక సంఘంలో చేరాం. దానికి అధ్యక్షుడు లేడు, ఆఫీసు లేదు. నియమాలన్నీ బ్లాక్‌చెయిన్‌లో ఉంటాయి, ఓటు పెట్టకుండా ఎవరూ మార్చలేరు. చేత్తో నేసిన చీరకు కుట్టడానికి ఆ సంఘం ఒక గుర్తు ఇస్తుంది. కొనేవాళ్లు ఫోనుతో దాన్ని చూసి చేనేతేనని నమ్ముతారు. మా ఇంటి బతుకు ఆ గుర్తు మీదే నిలబడింది.

ఓటు మాత్రం తలకొకటి కాదు. తోటి సభ్యులు పనిని మెచ్చుకుని నొక్కేకొద్దీ మనిషి పరపతి పెరుగుతుంది, పరపతిని బట్టి ఓటుకు బరువు. ఇది విని నేను ఎగిరి గంతేశాను. పోగు చిక్కుపడినా, అంచు కుదరకపోయినా వీధంతా మా నాయన దగ్గరికే వస్తుంది. ఇక ఆయన మాటకు తిరుగేముంది అనుకున్నాను.

పోయిన వేసవిలో ఒక తీర్మానం ఓటుకు వచ్చింది: మరమగ్గం చీరలకూ మన గుర్తు వేసుకోవచ్చని. పెట్టింది చీరల వ్యాపారులు, వాళ్లూ సభ్యులే. మా వీధిలో ఒక్కరు మిగలకుండా వద్దని నొక్కారు. ఓడిపోతామన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

సాయంత్రానికి తీర్మానం గెలిచింది.

ఫోను పాడైందేమోనని ఆపి మళ్లీ తెరిచాను. అదే ఫలితం. వద్దన్న మనుషులే ఎక్కువ, బరువు మాత్రం అటువైపు. నాయన పేరు ఎదురుగా, చేరిన రోజు అందరికీ ఇచ్చే పరపతే ఉంది, రవ్వంత కూడా పెరగలేదు. వ్యాపారులేమో పొద్దున లేస్తే "సూపర్ అన్నా" అని ఒకరినొకరు పొగుడుకుంటూ కొండంత పోగేసుకున్నారు.

ఒళ్లు మండి పక్కింటి చిన్నాయన మీదికి పోయాను. ఆయన పని నేర్చుకున్నది మా నాయన దగ్గరే. ఒక్కసారైనా ఎందుకు మెచ్చుకుని నొక్కలేదని అడిగితే పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"మగ్గం మీద చీర ఉండంగా యాడన్నా మెచ్చుకుంటారామ్మా? దిష్టి తగల్దా?"

"చీర లేకుండా మా మగ్గం ఎప్పుడుండాది చిన్నాయనా?"

మా వీధిలో ఎంత గొప్ప చీర చూసినా "పర్వాలేదులే" అని మొహం పక్కకు తిప్పుకుంటారు. అంతకు మించిన పొగడ్త మాకు లేదు. మా మేలు కోరి మూసుకున్న నోళ్లే మా గొంతు కోశాయి.

కొన్నాళ్లకే నాయన అంచు నమూనాతోనే మరమగ్గం చీర బజారుకు వచ్చింది, మా గుర్తుతో. ఒకటి తెచ్చి చూపించాను. నియమం మార్చాలంటే మళ్లీ ఓటే, మళ్లీ అవే బరువులు అని కూడా చెప్పాను. ఆయన ఆ చీరను తడిమి చూశాడు. తర్వాత అప్పుడే మగ్గం దిగిన తన చీరను నా ఒళ్లో పెట్టాడు.

"దీనికి ఆ గుర్తు కుట్టొద్దు," అన్నాడు. "ఇది చేత్తో నేసిందమ్మా."