ట్రామెక్కిన క్రిస్మస్ చెట్టు

క్రిస్మస్ ముందురోజు రీగా నగర వీధుల్లో మంచు చప్పుడు లేకుండా కురుస్తోంది. ట్రామ్ నడిపే వెల్టా, వేళ్ల కొసలు కత్తిరించిన ఉన్ని చేతితొడుగులతో అద్దం తుడుచుకుంటూ, పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉన్నారేమోనని ప్రతి స్టాపులోనూ వెనక్కి చూస్తుంది. ఈసారి ఒక ముసలాయన భుజాన క్రిస్మస్ చెట్టుతో జారుతూ వస్తున్నాడు. ఆమె దిగి ఓ చెయ్యి వేసింది.

"చెట్టుకీ టికెట్టా, అమ్మాయ్?"

"కూర్చుంటేనే, తాతా. నిలబడితే అక్కర్లేదు."

"మా ఆవిడ ఆసుపత్రి నుంచి ఇవాళే ఇంటికొచ్చింది. రాగానే చెట్టేదీ అంది," అన్నాడాయన.

ఆయన దిగేచోట ఇద్దరు ప్రయాణికులు చెట్టందుకుని ఇంటి గుమ్మందాకా మోసుకెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేదాకా వెల్టా ట్రామ్ కదిలించలేదు. లోపల ఎవరూ విసుక్కోలేదు.

రేడియోలో డిపో అధికారి గద్దించాడు. "ఎందుకింత ఆలస్యం?"

"ఒకటే మంచండీ బాబూ," అంది వెల్టా. వెనక బండంతా గొల్లున నవ్వింది.