మా ఆయన రాయని పరీక్ష

మొన్న మా మనవడు సూర్యాపేట కార్ల షోరూమ్ నుంచి అద్దం కట్టిన కాగితం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, మెకానిక్ పనిలో కంపెనీ వాళ్ళిచ్చిన సర్టిఫికెట్టని చదివి వినిపించాడు. ఏటా శిక్షణకు పంపుతారట, ఆ రోజులకు జీతం కూడా కొయ్యరట. ఇంట్లో అందరూ మిఠాయి పంచుకుంటుంటే నేను మాత్రం నా ముక్క పక్కన పెట్టేశాను. ఇలాంటి కాగితం కోసం ఆశపడ్డ మనిషి పోయి ఎన్నేళ్ళో అయింది, అది ఆయనకు రాకుండా చేసినదాన్ని నేనే.

నా ఈడువాళ్ళకు బొగ్గు బస్సులు గుర్తుండే ఉంటాయి, యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని దగ్గుతూ నడిచేవి. సూర్యాపేట షెడ్డులో వాటిని బాగుచేసే మేస్త్రీ మా ఆయన. బడి మొహం చూడకపోయినా, బస్సు మలుపు తిరగకముందే చప్పుడు విని రోగమెక్కడో చెప్పేవారు. నా మాట మాత్రం నాలుగుసార్లు చెబితే గాని ఆ చెవులకు ఎక్కేది కాదు.

దేశానికి స్వతంత్రం వచ్చి మన నైజాం ఇలాకాకు ఇంకా రాని రోజుల్లో ఊళ్ళో లారీల కంపెనీ ఏజెంటు ఆ షెడ్డు తీసుకుని వర్క్‌షాపు పెట్టి, హైదరాబాదులో రాతపరీక్ష పాసైనవాళ్ళే మేస్త్రీలు, మిగిలినవాళ్ళంతా కూలీలేనని చెప్పాడు. ఉర్దూలోనైనా తెలుగులోనైనా రాయొచ్చన్నాడు. నాకు రెండూ వచ్చు. మిర్యాలగూడలో మా నాయన ఉర్దూ బడి పంతులు, తెలుగు మా అమ్మ నేర్పింది. మా ఆయన తెలుగే నేర్పమన్నారు. "గా ఉర్దూ నాకెందుకే, మన మాటలే మనం రాసుకోరాదా" అని బతిమాలారు కూడా. నేను వింటేనా! సర్కారు నడిచేది ఉర్దూలో, అందులో రాస్తే ఉండే ఇజ్జతే వేరని పట్టుబట్టాను. పంతులు కూతుర్నన్న గీర అది, ఇప్పుడు దాచుకుని ఏం లాభం?

రోజూ పొద్దున రొట్టెలు చేసే ముందు పళ్ళెంలో జొన్నపిండి పరిచి అలిఫ్, బే అంటూ ఉర్దూ అక్షరాలు దిద్దించేదాన్ని. ఇనుము వంచే ఆ వేళ్ళకు పిండిలో గీత వంగేది కాదు. ఎంత కడుక్కున్నా పోని నూనె నలుపు పిండికి అంటితే, ఆ పిండితోనే రొట్టె చేసి ఇద్దరం తినేవాళ్ళం. గొడవల వల్ల పరీక్ష వాయిదా పడుతూ వచ్చింది, ఏడాది తిరిగేసరికి ఆయన ఉర్దూలో వాక్యాలు రాశారు, షెడ్డు తలుపు మీద బొగ్గుతో తన పేరు రాసుకుని చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

అంతలో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం పోయింది. కొత్తగా వచ్చిన నోటీసులో, ఇరవై రోజుల్లో పరీక్ష, ఇంగ్లీషులో గాని తెలుగులో గాని రాయాలని ఉంది. నేను ఏడుస్తూ తెలుగు ఓనమాలకు మళ్ళీ పళ్ళెం తెస్తే, ఆయన దాన్ని మెల్లగా పక్కకు జరిపారు. "ఒక్క బతుకుల ఎన్నిసార్లు దిద్దాలె? ఇగ నాతోని కాదు" అన్నారు, అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కోదాడ నుంచి వచ్చిన, బెజవాడలో చదువుకున్న కుర్రవాడు పరీక్ష పాసై మేస్త్రీ అయ్యాడు. మంచివాడే పాపం, ఇంజను మొరాయించినప్పుడల్లా మా గుమ్మంలోకి వచ్చి "బాబాయిగారూ, ఒక్కసారి వచ్చి చూద్దురూ" అని బతిమాలేవాడు. ఈయన వెళ్ళి, రోగం కనిపెట్టి, బాగుచేసి, పనివాళ్ళ వరసలోకి వచ్చి నిలబడేవారు. చివరిదాకా అలాగే కూలీగానే ఉండిపోయారు.

ముసలితనంలో ఇంటి కాగితాల రిజిస్ట్రీకి వెళ్ళినప్పుడు ఆయన కలం అడిగి తీసుకుని, నిదానంగా ఉర్దూలో సంతకం పెట్టారు. అక్కడి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చదవడం రాక అడ్డంగా కొట్టేసి, ఆయన బొటనవేలు పట్టుకుని సిరా అద్దాడు. ఇంటికొచ్చే దారంతా మా ఆయన ఆ వేలిని ధోవతికి తుడుచుకుంటూనే నడిచారు.

ఇప్పుడు పనీ కంపెనీ వాళ్ళే నేర్పి, పరీక్షా వాళ్ళే పెట్టి, అద్దం కట్టి మరీ ఇస్తున్నారు. మంచిదే, మనవడికైనా అందింది. ఆ ఇంటి కాగితం నా పెట్టెలో ఉంది, వేలిముద్ర పక్కనే కొట్టేసిన సంతకమూ ఉంది. దాన్ని చదవడం వచ్చినదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే, నాకేమో ఇప్పుడు చూపు ఆనదు.