చిన్నాయన నల్ల కిటికీ

చిన్నాయన పోయారని ఆళ్ళగడ్డ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, ఎవరు చూశారని అడిగాను. చిన్నమ్మ ఏడుస్తూనే, "నేనే పాపా, పక్కనే ఉండా" అంది. అప్పుడు నమ్మాను.

నంద్యాలలో ఆయనకొక రికార్డింగ్ గది ఉండేది. ఆటోల్లో తిరిగే ప్రకటనలు అక్కడే తయారయ్యేవి. కాన్వెంట్ చదువు ముగించాక నేను అక్కడే పని నేర్చుకున్నాను. కంప్యూటర్ తెర మీద చిన్న చిన్న గడులు, వాటిని కలిపే గీతలు. ధ్వని ఆ గీతల వెంట నడిచేది. ఒక గడి మాత్రం ధ్వనిని ముట్టదు. సీడీకి ఎక్కించడం లాంటి పనులకు బయటి ప్రోగ్రాములను పిలుస్తుంది. చిన్నాయనకు దాని మీదే అనుమానం.

"పంపించినానంటాది. పని అయిందో లేదో దానికేం తెలుసు?"

అందుకే తెర మీదే పక్కన ఒక నల్ల కిటికీ తెరిచి, ఏ ప్రోగ్రాము ఇంకా నడుస్తోందో పేర్లు చూసుకునేవారు. ఆ అనుమానం నా మీదేమోనని నేను నొచ్చుకునేదాన్ని.

ఒకరోజు నల్లమల గూడెం నుంచి ఒక చెంచు ముసలమ్మను కూతురు వెంటబెట్టుకొచ్చింది. మర్నాడు కర్నూలులో గొంతు ఆపరేషన్. తర్వాత మాట వస్తుందో రాదో. అమ్మ పాట సీడీలో కావాలి, మా దగ్గర మాత్రం మిగలకూడదు.

"అమ్ముకుంటారు మీరు. నా కండ్ల ముందర తుడిచెయ్యాల సామీ" అంది కూతురు.

"నన్ను నమ్మొద్దులేమ్మా. ఈడ కూచోని చూడు."

ముసలమ్మ కళ్ళు మూసుకుని పాడింది. సీడీ పెట్టాం. పంపించానన్నట్టు గడి వెలిగింది.

"బస్సు పోతాది, బేగా తుడిచెయ్యండి" అంది కూతురు. నేను మీట మీదికి చేయి చాపాను. చిన్నాయన నా మణికట్టు పట్టుకున్నారు.

"యాడ అయిపోయింది పాపా? ఆ పేరు చూడు."

నల్ల కిటికీలో సీడీ ప్రోగ్రాము ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు తుడిచేసి ఉంటే పాట సగంలో తెగిపోయేది. పేరు మాయమయ్యేదాకా కూర్చున్నాం. అయినా ఆయన సీడీని చివరిదాకా వినిపించందే వదల్లేదు. బస్సు వెళ్ళిపోయింది.

"నీ అనుమానం పాడుగాను సామీ!"

"నీకు లేదా ఏంది?"

కూతురు నవ్వేసింది. తుడిచే మీట ఆమె చేతనే నొక్కించారు.

ముసలమ్మకు మాట తిరిగి రాలేదని తర్వాత తెలిసింది. ఆమె పాట ఆమె ఇంట్లో ఉంది.

చిన్నాయన కంప్యూటర్ ఇప్పుడు ఆళ్ళగడ్డలో ఉంది. మొన్న దాన్ని తెరిచి ఆ పాట కోసం వెతికాను. అంత బాగా పాడింది, ఒక కాపీ దాచుకోకుండా ఉంటారా అని. ఎక్కడా లేదు. నల్ల కిటికీ కూడా తెరిచాను. అందులో ఏమీ నడవడం లేదు. ఒక చిన్న గీత మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది.