బావిని తప్పించిన సున్నపు బాణాలు

నాలుకగుట్ట ప్రదక్షిణ దారికి సున్నపు బాణాలు వేసినవాళ్లు, ఆ దారిలో ఉన్న ఒకే ఒక్క మంచినీళ్ల బావిని తప్పించారు. పొరపాటున కాదు. ఆ బావిలో ఎవరు నీళ్లు తోడుకుంటారో తెలిసే తప్పించారు.

నేను బడి మొహం చూడలేదు. మైలురాళ్ల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకని దారి గుర్తులంటే నాకు గురుభక్తి. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి వేసవిలో, గుట్టకు కొత్తగా బాణాలు వేశారని విని, బద్వేలులో ఉదయం ఐదింటి బస్సెక్కాను. కడప హోటల్లో ఇడ్లీ తిని బస్సు మారి, మధ్యాహ్నానికి జమ్మలమడుగు చేరాను. బస సత్రంలో. మరునాడు ఆరింటికి నడక మొదలు.

గుట్ట పెన్నలోకి నాలుకలా చొచ్చుకొని ఉంటుంది. మూడు పక్కలా ఏరే. అయితే ఆ ఏరు నిట్టనిలువు బండల కింద ఉంటుంది. కంటికి తప్ప నోటికి అందదు. చుట్టు తొమ్మిది మైళ్లు. సత్రంలో కలిసిన సుబ్బారెడ్డి తోడొచ్చాడు. కొడుకు విషజ్వరం నుంచి లేచినందుకు అతనికి మొక్కు. చెరొక సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకున్నాం.

బాణాలు దివ్యంగా ఉన్నాయి. దారి తప్పే వీలే లేనిచోట మూడేసి వేశారు. పదింటికి ఒక చీలిక దగ్గర బాణం మమ్మల్ని ఎడమకు, బండల మీదికి తోలింది. నలభై ఏళ్ల కింద మా నాయనతో వచ్చినప్పుడు దారి కుడికే పోయేది, క్రైస్తవంలో కలిసిన కూలీల పల్లె గుండా, బావిని ఒరుసుకొని. మా నాయన ఆ నీళ్లు తాగాడు. ఆయన పుణ్యానికేమీ చిల్లు పడలేదు.

"పాతదారిన పోదామా?" అన్నాను.

"బాణం ఆపక్క చూపిస్తాంటే ఈపక్క పోతే మొక్కు చెల్లుతాదా పెద్దాయనా?"

గురుభక్తి కదా, నేనూ ఎక్కాను.

పన్నెండింటికి బుర్రలు ఖాళీ. సుబ్బారెడ్డి కళ్లు తేలేసి బండ నీడన కూలబడ్డాడు. అప్పుడు చూస్తే, బావి మా వెనక, రెండు ఫర్లాంగుల కింద కనబడింది.

"లెయ్, వెనక్కి పోదాం."

"ప్రదక్షిణలో వెనకడుగేస్తే తిరిగిందంతా పాయె. నేను సచ్చినా రాను. నువ్వు పో."

ఆ 'సచ్చినా' అన్నమాటే నిజమయ్యేలా ఉంది. నాకు మొక్కు లేదు గనుక దిగాను.

బావి దగ్గర మరియమ్మ అనే నడివయసామె నీళ్లు చేదుతోంది. సంగతి చెబితే నవ్వింది. "ఆ బాణాలోళ్లు సున్నం కలిపేదానికి ఈ నీళ్లే తీసకపోయిరప్పా. రాళ్లకైతే పనికొస్తాయి, మనుషులకే పనికిరావంట!"

కుండ నెత్తికెత్తుకొని నాకంటే ముందే బండలెక్కింది. సుబ్బారెడ్డి ఒక కన్ను తెరిచి, "ఎవురమ్మా నువ్వు?" అన్నాడు.

"ముందు దోసిలి పట్టు సామీ. పేరు తర్వాత చెప్తా."

పట్టాడు. తాగి, తాగి, చివరి దోసిలి నెత్తిన పోసుకున్నాడు. పేరు మళ్లీ అడగలేదు.

నాలుగింటికి చుట్టు ముగిసింది. సుబ్బారెడ్డి టెంకాయ కొట్టి, చిప్ప నాకిచ్చి, "బావి సంగతి ఎవురితోనూ అనొద్దప్పా, నీకు దండం పెడతా" అన్నాడు. రాస్తాను, పేరు మారుస్తానన్నాను. మార్చాను.

తిరుగు బస్సులో నాకు కాళ్ల నొప్పి కంటే వచ్చే నెల తిరునాళ్ల దిగులే ఎక్కువైంది. పిల్లాజెల్లాతో వందలమంది ఆ బండలెక్కుతారు. ఇది చదివి పోదలచినవారు చీలిక దగ్గర కుడికి తిరగండి. అక్కడ కుడికి ఒక్క బాణం వేయమని, ఆ బాణాలు వేయించిన గుర్తుల సంఘానికి మూడు ఉత్తరాలు రాశాను. తిరునాళ్లకు రెండు రోజుల ముందు జవాబు వచ్చింది:

"అయ్యా, తమరి మూడు ఉత్తరములూ అందినవి. గుర్తు లేకుండగనే సదరు బావిని చేరినట్లు తమరే వ్రాసియున్నందున, అచ్చట గుర్తు అనవసరమని సంఘము ఏకగ్రీవముగా తీర్మానించినది. తక్కిన బాణములు తమకు నచ్చినందుకు కృతజ్ఞతలు."