కోచ్ చెప్పకముందే

ఆ రోజు తప్పు నాదే. జట్టు నుంచి తీసేస్తున్న ఆటగాళ్ల పేర్లు పొద్దున్నే నాకు అందాయి. కోచ్ ఒక్కొక్కరినీ తన గదికి పిలిచి మాట్లాడాకే వాళ్ల టాబ్లెట్లలో మా ఎత్తుగడలుండే ప్లేబుక్‌ను తెరుచుకోకుండా నేను మూసేయాలి. పని తెమిలిపోతుందని అందరివీ ఒకేసారి మూసేశాను.

నోవై అనే ఊళ్లో కార్ల కంపెనీ ఉద్యోగం వదిలి, వేరే రాష్ట్రంలో ఒక ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వీడియో విభాగంలో చేరాను. మా కోచ్ ఊరూరా ఉద్యోగాలు మారుతూ తల నెరిసినవాడు. ఒకసారి తననే తీసేసిన సంగతి కారు రేడియోలో విన్నాడట. అందుకే ఆ కబురు ఎవరికైనా తనే ఎదురుగా కూర్చుని చెప్పేవాడు.

ఆ పొద్దున టిఫిన్ల దగ్గర ఒక కొత్త కుర్రాడు టాబ్లెట్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మ్యాన్, ఇది ఓపెన్ అవట్లేదు. ప్రాక్టీస్‌కి ముందు ఒకసారి చూసుకోవాలి."

"సర్వర్ ప్రాబ్లమ్," అన్నాను.

పక్క బల్ల మీది పాత ఆటగాడు పకపకా నవ్వాడు. "సర్వర్ కాదు బాబూ, నిన్ను కట్ చేశారు!"

కుర్రాడు నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను. అతను ప్లేటు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

కోచ్ నన్ను పిలిచి కేకలేమీ వేయలేదు. "ఎన్నో ఆటలు ఓడిపోయాను. ఈ ఒక్క పనైనా సరిగ్గా చేస్తున్నాననుకునేవాణ్ణి. ఇవాళ అదీ పోయింది," అన్నాడు. ఆ సీజన్ చివర ఆయన్నీ తీసేశారు. ఆయనన్న ఆ మాట ఇప్పటికీ నన్ను వదలదు.

ప్లేబుక్ మూసిన ఆ రోజు మధ్యాహ్నమే, కోచ్ అనుమతితో, కుర్రాడి హోటల్‌కి వెళ్లాను. మూసింది నేనేనని, సర్వర్ మాట అబద్ధమని చెప్పాను.

"తెలిసీ అలా ఎందుకన్నావు?"

"భయమేసింది."

అతను కుర్చీ చూపించాడు. తర్వాత నా లాప్‌టాప్ ముందు ఇద్దరం కూర్చుని, వేరే జట్లకు పంపడానికి అతని ఆటలోంచి మంచి ముక్కలు ఏరాం. వీడియోలో ఒకచోట అతను కింద పడ్డాడు. నేను ఆ ముక్క తీసేయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉంచు. లేచి మళ్లీ పరిగెత్తాను, చూడు."

ఉంచాను. వీడియో అతని ఏజెంటుకు పంపి, అతన్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చాను.